ఒక్క బల్ల... ఒక్క ప్రాణం!

పదమూడు ముక్కలాట బాగా తెలిసిన చేతులకు ఇప్పుడు పోకర్ మీద మనసు పుడుతోంది. సినిమాల్లో చూసో, సెల్‌లో చూసో 'మనమూ ఓ టోర్నమెంటు ఆడదాం' అనేవాళ్లు కనిపిస్తున్నారు. సరే... వాటిలో రకాలు అరడజనుకు పైనే. కొత్తవాళ్లు ఏ రకంతో మొదలుపెట్టాలి? అసలు మన రాష్ట్రంలో మొదలుపెట్టొచ్చా?

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు... ఈ పత్తి, మిర్చి నేలల్లో ఏ ఊరికైనా వెళ్లండి. పదమూడు ముక్కల్ని విసనకర్రలా పరిచి పట్టుకోవడం వచ్చినవాళ్లు వీధికి నలుగురైనా దొరుకుతారు. పెళ్లి విడిదింట్లో పేక. పండక్కి అరుగు మీద పేక. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమన్ అంటూ నాలుగు రంగుల పేర్లూ చిన్నప్పుడే చెవిన పడిపోతాయి.

అలాంటి చోటికి కొత్త పేరొకటి వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడో, డాలస్ నుంచి సెలవులకు దిగిన బావగారో పేక కలుపుతూ, 'రమ్మీ ఎప్పుడూ ఉండేదేగా, ఈసారి పోకర్ ఆడదాం' అంటారు. ఆట నేర్చుకోవడం గంట పని. ఆ తర్వాతే చిక్కంతా. 'సిట్ అండ్ గో పెడదామా, మల్టీ టేబులా? ఫ్రీజవుటా, రీబైనా? టర్బో అయితే త్వరగా అయిపోతుంది కదా?' అని ఆయన అడుగుతుంటే మిగిలినవాళ్లు ముఖాలు చూసుకుంటారు.

చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, కొత్తవాడు ఏం నేర్చుకుంటాడు, ఎంత పోగొట్టుకుంటాడు అన్నవి రెండూ దీనిమీదే ఆధారపడి ఉంటాయి.

రమ్మీ తెలిస్తే సగం తెలిసినట్టే!

కంగారు పడక్కర్లేదు. ఈ రకాల తేడా మన రమ్మీలోనే ఉంది.

పాయింట్ల ఆట తీసుకోండి. ఒక్కో పాయింటుకు ఇంత అని ముందే అనుకుంటారు. ప్రతి ఆటకూ లెక్క తేలిపోతుంది. ఫుల్ కౌంటు పడితే 80. ఎప్పుడైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేవొచ్చు. పోకర్‌లో దీనికి దగ్గరి చుట్టం 'క్యాష్ గేమ్'. బల్ల మీదున్న ప్రతి బిళ్లకూ అంతే విలువైన నోటు వెనకాల ఉంటుంది. అది టోర్నమెంటు కాదు.

ఇప్పుడు నూటొకటి ఆట చూడండి. అందరూ ఒకే మొత్తంతో మొదలుపెడతారు. పాయింట్లు కలుస్తూ పోతాయి. నూటొకటికి చేరినవాడు అవుట్. చివరికి మిగిలినవాడు గెలిచినట్టు. పోకర్ టోర్నమెంటు స్వభావం అచ్చం ఇదే. అందరికీ సమానంగా బిళ్లలు ఇస్తారు. అవి అయిపోయినవాళ్లు లేచిపోతారు. బిళ్లలన్నీ ఒకరి ముందు చేరేదాకా ఆట నడుస్తుంది.

నూటొకటిలో అవుటయినవాడు మిగతావాళ్ల పాయింట్లు మరీ పైకి వెళ్లకపోతే మళ్లీ చేరే పద్ధతి కూడా ఉంది కదా? మళ్లీ కట్టి కూర్చుంటాడు. పోకర్‌లో దాని పేరు 'రీబై'. అలా చేరే వీల్లేకుండా ఒక్కసారి పోతే ఇక అంతే అన్న పద్ధతి 'ఫ్రీజవుట్'.

చూశారా... పేర్లే కొత్తవి, పద్ధతులు పాతవే!

రెండు ముక్కలు మీవి... అయిదు అందరివి

పోకర్‌లో ఎక్కువమంది ఆడేది 'టెక్సాస్ హోల్డెమ్'. దీని పుట్టినూరు టెక్సాస్‌లోని రాబ్స్‌టౌన్ అని ఆ రాష్ట్ర శాసనసభ 2007లో గుర్తించింది. అదీ పత్తి పండే ప్రాంతమే కావడం ఓ విచిత్రం.

ఆట తీరు ఇదీ. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో అయిదు ముక్కలు తెరిచి పెడతారు. మొదట మూడు, తర్వాత ఒకటి, చివరగా ఇంకొకటి. మీ రెండు, మధ్యలోని అయిదు కలిపి ఏడింటిలో మేలైన అయిదు ముక్కలు ఎవరివైతే వాళ్లదే గెలుపు. ముక్కలు పంచాక ఓసారి, మధ్యలో తెరిచిన ప్రతిసారీ ఓసారి మొత్తం నాలుగు విడతలుగా బిళ్లలు పెట్టాలి. నచ్చకపోతే ముక్కలు పడేయొచ్చు. మిగిలినవాళ్లంతా పడేస్తే చెయ్యి చూపించకుండానే గెలిచేయొచ్చు. చెత్త ముక్కలతో బెదిరించి గెలవడానికి దారి అక్కడే ఉంది.

ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కొన్ని బిళ్లలు పెట్టాలి. వీటినే బ్లైండ్లు అంటారు. మూడు ముక్కలాట ఆడినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఒక్కో ఆటకు ఒక్కో మనిషి చొప్పున ఈ వంతు బల్ల చుట్టూ తిరుగుతుంది. టోర్నమెంటులో ఈ బ్లైండ్లు కొంతసేపటికోసారి పెరుగుతూ ఉంటాయి. అందుకే మంచి ముక్కలొచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే కుదరదు. బిళ్లలు కౌలులా కరిగిపోతాయి. పంట వచ్చినా రాకపోయినా కౌలు కట్టాల్సిందే కదా!

మరి మంచి ముక్కలు ఎంత తరచుగా వస్తాయి? యాభై రెండు ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. అందులో జత ఆసులు ఆరు రకాలే. అంటే 221 ఆటలకు సగటున ఒక్కసారి. ఇళ్లలో చేత్తో పంచుకుంటే గంటకు పాతిక ఆటలు సాగడమే ఎక్కువ. రెండు గంటల పోటీలో యాభై ఆటలు. లెక్క ప్రకారం అయిదు సాయంత్రాలు కూర్చుంటే ఒక సాయంత్రం జత ఆసులు చూస్తారన్నమాట. అవి వచ్చినా గెలుపు ఖాయం కాదు. ఎదుటివాడి దగ్గర జత రాజులుండి, ఇద్దరూ మొత్తం బిళ్లలు పెట్టేస్తే అయిదింట దాదాపు ఒకసారి ఆసులే ఓడిపోతాయి.

ఈ లెక్క గుర్తుంచుకోండి. ఏ రకం ఎంచుకోవాలో తేల్చేది ఇదే.

రకాలు... వాటి రంగులు

సిట్ అండ్ గో: ఒకే బల్ల. ఆరుగురో, ఎనిమిది మందో, తొమ్మిది మందో చేరగానే మొదలు. ఫలానా టైముకని ఎదురుచూపులు ఉండవు. తొమ్మిది మంది బల్లలో మొదటి ముగ్గురికి 50, 30, 20 శాతం చొప్పున బహుమతి పంచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి.

మల్టీ టేబుల్: పదుల నుంచి వేల మంది దాకా. బల్లలు ఖాళీ అవుతున్న కొద్దీ మిగిలినవాళ్లను కలుపుతూ చివరికి ఒక్క బల్లకు తెస్తారు. గంటల తరబడి, పెద్దవైతే రోజుల తరబడి సాగుతుంది. బహుమతి దక్కేది పది, పదిహేను శాతం మందికే.

రీబై: బిళ్లలు పోతే మళ్లీ కట్టి కొనుక్కోవచ్చు. మొదటి గంటో రెండు గంటలో ఈ వెసులుబాటు ఉంటుంది.

టర్బో: బ్లైండ్లు మూడు, నాలుగు, అయిదు నిమిషాలకోసారి పెరిగిపోతాయి. త్వరగా తేలిపోతుంది.

బౌంటీ: ఎవరినైనా అవుట్ చేస్తే వాళ్ల తల మీద ఉన్న బహుమతి మీదే.

శాటిలైట్: ఇందులో గెలిస్తే డబ్బు రాదు. ఇంకో పెద్ద పోటీకి టికెట్టు వస్తుంది.

హెడ్స్ అప్: ఇద్దరే ముఖాముఖి.

ఫ్రీరోల్: ప్రవేశ రుసుము లేదు. అయినా బహుమతి ఉంటుంది.

ఇన్ని ఉన్నాయి కదా... కొత్తవాళ్లు ఏది పట్టుకోవాలి? ఒకే బల్ల మీద జరిగే ఫ్రీజవుట్. బ్లైండ్లు నిదానంగా పెరగాలి. మళ్లీ చేరడం ఉండకూడదు. ఎందుకో చూద్దాం.

ఆఖరి అంకం ఎప్పుడు చూస్తారు?

టోర్నమెంటు మూడు అంకాల నాటకం. మొదట అందరి దగ్గరా బోలెడు బిళ్లలుంటాయి. ఓపిక పట్టాలి. మధ్యలో బ్లైండ్లు బరువెక్కుతాయి. తెగించాలి. చివర్లో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. అక్కడ ఆట పూర్తిగా వేరు. ఎనిమిది మందిలో పనికిరాని ముక్కలు ఇద్దరిలో బంగారం. ఈ ఆఖరి అంకం వచ్చినవాడే టోర్నమెంటు గెలుస్తాడు. అది ఆడితేనే వస్తుంది, చదివితే రాదు.

ఎనిమిది మంది బల్లలో అందరూ సమ ఉజ్జీలే అనుకుందాం. ఆఖరి ఇద్దరిలో మీరుండే అవకాశం నాలుగింట ఒకటి. వారానికో పోటీ పెట్టుకున్నా నెలకోసారి ఆఖరి అంకం ఆడతారు. మీరు అవుటయినా అదే బల్ల పక్కన కూర్చుని మిగిలిన ఇద్దరూ ఏం చేస్తున్నారో చూడొచ్చు.

అదే 839 మంది ఆడే పోటీ అయితే? చివరి తొమ్మిది మందిలో ఉండాలంటేనే సగటున 93 సార్లు ఆడాలి. అప్పటిదాకా మీరు నేర్చుకునేది మొదటి అంకమే. నాటకం మొదటి సీను తొంభైసార్లు చూసి ఇంటికొచ్చినట్టు!

839 అనే అంకె ఊరికే చెప్పింది కాదు. అమెరికాలోని లాస్‌వేగాస్‌లో 1970 నుంచి 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్' జరుగుతోంది. 2003లో దాని ప్రధాన పోటీకి 839 మంది వచ్చారు. టెన్నెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు గెలిచాడు. ఇంటిపేరు నిజంగానే మనీమేకర్! ఇంటర్నెట్‌లో 86 డాలర్లు పెట్టి శాటిలైట్ ఆడి, పది వేల డాలర్ల పోటీకి టికెట్టు సంపాదించి, చివరికి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఆ కథ విని లోకమంతా పోకర్ మీద పడింది. 2023లో అదే పోటీకి 10,043 మంది వచ్చారు.

కథ బాగుంది. అయితే కథలో చెప్పని లెక్క ఒకటుంది. 2003లో ఓడినవాళ్లు 838 మంది. వాళ్ల మీద ఎవరూ కథలు రాయలేదు. కొత్తవాడు పెద్ద పోటీని చూసేటప్పుడు మనీమేకర్ బల్ల వైపే చూస్తాడు. మిగతా 838 కుర్చీలు కనిపించవు.

త్వరగా అయిపోవడం ఎవరికి లాభం?

'టర్బో అయితే గంటలో అయిపోతుంది కదా' అనిపించడం సహజం. చిన్న లెక్క వేయండి. గంటకు పాతిక ఆటలంటే అయిదు నిమిషాలకు రెండు ఆటలు. ఎనిమిది మంది బల్లలో బ్లైండ్ల వంతు ఒక చుట్టు తిరిగేలోగా నాలుగుసార్లు బ్లైండ్లు పెరిగిపోతాయి. ఆలోచించే తీరిక ఉండదు. ఉన్నవన్నీ ముందుకు తోసేయడమే మిగులుతుంది. అప్పుడు గెలిపించేది ముక్క, బుర్ర కాదు. పదిహేను నిమిషాల మెట్లయితే ఒక్కో మెట్టులో ఆరు ఆటలు వస్తాయి. తప్పు చేయడానికీ, దాన్ని గమనించడానికీ చోటుంటుంది.

ఫ్రీరోల్ సంగతీ అంతే. ఉచితం కాబట్టి మంచిదే అనుకుంటాం. పోయేదేమీ లేనప్పుడు జనం మొదటి ముక్కకే అన్నీ పెట్టేస్తారు. వాళ్ల మధ్య కూర్చుంటే మీకూ అదే అలవాటవుతుంది. డబ్బు లేకపోవడం మంచిదే కానీ, బిళ్లలకు విలువ లేకపోవడం మంచిది కాదు. ఒక్క బల్ల ఫ్రీజవుట్‌లో డబ్బు లేకపోయినా బిళ్లకు విలువ ఉంటుంది. ఎందుకంటే అవి పోతే మళ్లీ రావు. మిగతావాళ్లు ఇంకో గంట ఆడుతుంటే మీరు కూర్చుని చూడాలి. ఆ మాత్రం భయం చాలు నేర్పడానికి.

బౌంటీలో ఆట కన్నా వేట ఎక్కువ. మిగిలినవాళ్లను దాటి నిలబడటం నేర్చుకోకముందే ఒకడిని పడగొట్టడం మీద కన్ను పడుతుంది. హెడ్స్ అప్ అంటే ఆఖరి అంకం ఒక్కటే. మొదటి రెండూ తెలియవు. ఇవన్నీ తర్వాత ఆడొచ్చు.

రెండోసారి విత్తనం

ఇక రీబై. కొత్తవాళ్లకు అన్నిటికన్నా తియ్యగా వినిపించేది, అన్నిటికన్నా చేదుగా దిగేది ఇదే.

పత్తి రైతును అడగండి. తొలకరికి గింజ పెడతాడు. వాన ముఖం చాటేస్తుంది. మొలకలు మాడిపోతాయి. మళ్లీ గింజలు కొని పెడతాడు. మిర్చి నారు వేశాక కుండపోత వాన పడి చేను ఉరకెత్తితే మళ్లీ నారు కొంటాడు. మొదటి పెట్టుబడి ఎక్కడికి పోయిందో లెక్క ఉండదు. రెండో పెట్టుబడి అప్పు. రైతుకు అది తప్పదు, నేలను బీడు పెట్టలేడు. పంట వస్తే అది నలుగురికీ అన్నం.

బల్ల దగ్గర అలాంటి బలవంతమేదీ లేదు. అయినా బిళ్లలు పోయిన మరుక్షణం, ఒళ్లు వేడి మీదున్నప్పుడు 'ఇంకొక్కసారి' అనే అవకాశం చేతికిస్తుంది రీబై. నిర్ణయాలన్నిటిలోకీ చెడ్డ నిర్ణయం తీసుకునే సమయం అదే. పైగా మళ్లీ కొనుక్కోవచ్చని తెలిసినవాడు మొదటి బిళ్లల్ని నిర్లక్ష్యంగా వాడతాడు. ఆటా రాదు, ఖర్చూ ఆగదు. ఫ్రీజవుట్‌లో అయితే కూర్చోకముందే తెలిసిపోతుంది... పోతే ఎంత పోతుందో. అక్కడితో సరి.

పోకర్ పుస్తకాలు ఇంకో సలహా ఇస్తాయి. ఆటకంటూ వేరే డబ్బు పక్కన పెట్టుకోండి, అందులో చిన్న భాగమే ఒక పోటీకి వాడండి అని. నెలనెలా జీతం వచ్చేవాళ్ల కోసం రాసిన సలహా అది. మిర్చి, పత్తి మీద బతికే ఇంట్లో డబ్బు నెలనెలా రాదు. టిక్కీలు గుంటూరు యార్డుకు చేరి, కాటా పడి, పట్టీ చేతికొచ్చిన రోజున ఒక్కసారిగా కనిపిస్తుంది. కనిపించినంత డబ్బూ తనది కాదు. కౌలు, పురుగుమందుల బాకీ, కూలీ, పిల్లల ఫీజు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ రోజు 'పక్కన పెట్టుకున్న డబ్బు' అంటూ ఏదీ ఉండదు. అందుకే ఇక్కడ కొత్త ఆటగాడి ప్రవేశ రుసుము ఎంత ఉండాలంటే... సున్నా.

చట్టం ఏమంటోంది?

సున్నా అనడానికి ఇంకో కారణం కూడా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో జూదాన్ని నియంత్రించేది 1974 నాటి గేమింగ్ చట్టం. అంతకుముందు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ గురించి ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యం పాలే ఎక్కువ అంది. మూడు ముక్కలాటలాగా అది పూర్తిగా అదృష్టం కాదంది. అయితే ఆ తీర్పులోనే ఓ హెచ్చరిక ఉంది. పందెం కాసినా, ఆటను అడ్డుపెట్టుకుని క్లబ్బు లాభం చేసుకున్నా నేరం కావచ్చని. చాలామంది మొదటి సగమే గుర్తుపెట్టుకున్నారు!

పోకర్ విషయంలో దేశమంతా ఒకే మాట మీద లేదు. పశ్చిమబెంగాల్ 1957 చట్టం జూదం నిర్వచనం నుంచి పోకర్‌ను మినహాయించింది. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదం కిందే లెక్కగట్టింది. మన దగ్గర, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలకు అడ్డుకట్ట వేశాయి. ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనదా, అదృష్టమా అన్న వాదనను అది పక్కన పెట్టేసింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంది. డబ్బు ప్రమేయం లేని ఆటల్ని వేరుగా చూసింది.

అంటే సెల్‌లో ఎవరైనా 'ఇందులో డబ్బు వేయండి, మీ ఆట లీగలే' అని లింకు పంపితే అనుమానించాల్సిందే. తోటలోనో, లాడ్జిలోనో నలుగురు చేరి నోట్లు పరిస్తే పోలీసులు రావడం, మర్నాడు జిల్లా పేజీలో వార్త పడటం కొత్తేమీ కాదు. చింతపిక్కలతో ఆడితే ఆ బెడద లేదు.

టోర్నమెంటులో ఉన్న గొప్ప సౌకర్యం కూడా అదే. క్యాష్ గేమ్‌ను డబ్బు లేకుండా ఆడితే ఉప్పులేని పప్పు. బిళ్లకు అర్థమే ఉండదు. టోర్నమెంటులో బిళ్ల డబ్బు కాదు, ప్రాణం. రూపాయి లేకపోయినా ఆట ఆటలాగే ఉంటుంది.

ఇంట్లో ఇలా పెట్టుకోండి

ఎనిమిది మంది, ఒక పేక కట్ట (జోకర్లు తీసేయాలి), ఒక గడియారం, ఒక నోటుబుక్కు. ఇంతే సరంజామా.

బిళ్లలు: చింతపిక్క 10, గవ్వ 50, గుండీ 100 అనుకోండి. ఒక్కొక్కరికి పది చింతపిక్కలు, ఎనిమిది గవ్వలు, పది గుండీలు. మొత్తం 1,500. గవ్వలు దొరక్కపోతే శనగలు పెట్టుకోండి. మధ్యలో తినేయకుండా చూసుకోవాలి మరి!

బ్లైండ్లు: పదిహేను నిమిషాలకోసారి మారాలి. 10-20తో మొదలుపెట్టి 20-40, 30-60, 50-100, 100-200, 150-300, 200-400, 300-600. ఎనిమిది మెట్లు, రెండు గంటలు. బల్ల మీదున్నవి మొత్తం 12,000. ఆఖరి మెట్టులో పెద్ద బ్లైండు 600. అంటే ఇరవయ్యో వంతు. ఆ సమయానికి ఆట తనంతట తానే తేలిపోతుంది. మొదటి మెట్టులో ఒక చుట్టుకు మీ ఖర్చు 30. అయిదో మెట్టులో 300. ఓపిక ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో ఈ రెండంకెలే చెబుతాయి.

నియమం: ఒక్కసారి పోతే మళ్లీ చేరడం లేదు. పెద్దమామయ్య అడిగినా సరే! మొదట అవుటయినవాళ్లు ముక్కలు పంచాలి. రెండోవాళ్లు గడియారం చూడాలి. ఊరికే కూర్చోబెడితే సెల్‌లో మునిగిపోతారు. పని అప్పగిస్తే ఆట చూస్తారు.

లెక్క: మొదటి ముగ్గురికి 5, 3, 2 పాయింట్లు. పది సాయంత్రాలు ఆడాక కలపండి. ఒక్క రోజు గెలుపును చూసి మురిసిపోవద్దు. జత ఆసులే అయిదింట ఒకసారి ఓడే ఆటలో ఒక్క సాయంత్రం ఫలితం ఎవరి సత్తా ఏంటో చెప్పలేదు. పది కూడా తక్కువే కానీ, ఒకటి కన్నా నయం.

నోటుబుక్కులో ఇంకో గడి గీయండి: 'ఎలా అవుటయ్యాను?' మేలైన ముక్కలతో అన్నీ పెట్టి, చివరి ముక్క ఎదురు తిరిగితే 'ముక్క' అని రాయండి. పడేయాల్సిన ముక్కల్ని పట్టుకు వేలాడితే 'నేను' అని రాయండి. మొదటి వారాల్లో అందరూ అన్ని గళ్లలోనూ 'ముక్క' అనే రాస్తారు. నిజాయతీగా 'నేను' అని రాయడం మొదలైన రోజున ఆట వచ్చినట్టు. అమెరికాలోని ఎమ్మైటీ విశ్వవిద్యాలయం 2015లో పోకర్ మీద ప్రత్యేకంగా పాఠాలు చెప్పింది. ఆ పాఠాల సారాంశం కూడా దాదాపు ఇదే. ఫలితం వేరు, నిర్ణయం వేరు.

పది సాయంత్రాల తర్వాత ఆసక్తి ఇంకా ఉంటే రెండు బల్లలు వేసి పదహారు మందితో ఆడండి. అది బుల్లి మల్టీ టేబుల్. ఆ తర్వాత సరదాకి పది నిమిషాల మెట్లతో టర్బో. రీబై మాత్రం చింతపిక్కలతో కూడా వద్దు. అలవాటు పిక్కలతో మొదలై నోట్ల దగ్గర తేలుతుంది.

ఒకవేళ ఇంట్లో ఎవరికైనా ఆట అలవాటు దాటి వ్యసనమైతే, పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ మళ్లీ ఆడుతుంటే, ఆ సంగతి దాస్తుంటే తిట్టి లాభం లేదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 'టెలి మానస్' నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

ఏడేళ్ల పందెం

పందెం సంగతి పల్నాడుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పల్నాటి వీరుల కథలో నాగమ్మ పక్షానికీ, బ్రహ్మనాయుడి పక్షానికీ కోడిపందెం జరిగింది. ఆడిన ఆట కాసేపు. పెట్టిన పందెం ఏడేళ్లు రాజ్యం విడిచి పోవడం. మాచర్ల పక్షం ఓడింది, కట్టుబట్టలతో వెళ్లిపోయింది. గడువు తీరాక కూడా రాజ్యం దక్కక కథ కారంపూడి యుద్ధభూమికి చేరింది. ఆ వీరుల పేరిట కారంపూడిలో ఇప్పటికీ ఏటా ఉత్సవాలు చేస్తారు.

ఆ కథలో తప్పు కోడిది కాదు. కాసేపటి ఆట మీద అంత పెద్ద పందెం కట్టినవాళ్లది.

కొత్త ఆట నేర్చుకోవాలనుకునేవాళ్లు ఏ పోటీ ఎంచుకోవాలో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. 'ఇందులో ఆఖరిదాకా ఏం జరుగుతుందో నేను చూస్తానా? ఓడిపోతే ఏం పోతుందో కూర్చోకముందే నాకు తెలుసా?' రెండింటికీ అవునని జవాబొచ్చే పోటీ మీ ఇంటి అరుగు మీదే పెట్టుకోవచ్చు. గుప్పెడు చింతపిక్కలు చాలు!